తుపాకి ఎక్కడ పెట్టాలి? కాల్పుల విరమణ చర్చలు తెగే చోటు

క్లుప్తంగా: ప్రభుత్వానికీ సాయుధ సంస్థకూ మధ్య కాల్పుల విరమణ నిలవాలంటే మూడు సంగతులు కాగితం మీదకు రావాలి. ఆయుధాలు ఎక్కడ ఉంటాయి, విరమణ ఏ ప్రాంతం వరకు వర్తిస్తుంది, మాట తప్పింది ఎవరో ఎవరు తేలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య జరిగిన 2004 హైదరాబాద్ చర్చలు మొదటి, మూడో ప్రశ్నల దగ్గర ఆగిపోయాయి. 2025లో మావోయిస్టులు చేసిన ప్రకటనలకు అవతలి వైపు నుంచి ఒప్పందమే లేకపోవడంతో ఆ ప్రశ్నలు బల్ల మీదకు కూడా రాలేదు.

2025 మే నెలలో ఉత్తర తెలంగాణ పాఠకులను రెండు వార్తలు అయోమయంలో పడేశాయి. మే 8న ములుగు జిల్లా వాజేడు అడవుల్లో మందుపాతర పేలి నక్సలైట్లపై పోరుకు రాష్ట్రం పెట్టుకున్న ప్రత్యేక దళం గ్రేహౌండ్స్‌కు చెందిన ముగ్గురు పోలీసులు చనిపోయారు. దాదాపు అదే సమయంలో మావోయిస్టు పార్టీ తెలంగాణ రాష్ట్ర కమిటీ ఆరు నెలల కాల్పుల విరమణ పాటిస్తామని ప్రకటన ఇచ్చింది. ఇంకోవైపు తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో మావోయిస్టుల కోసం భద్రతా బలగాలు ఏప్రిల్ 21న మొదలుపెట్టిన ఆపరేషన్ అప్పటికి ఇంకా సాగుతూనే ఉంది. వెంకటాపురం, వాజేడు మండలాల జనానికి హెలికాప్టర్ల చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ ఆపరేషన్‌లో మొత్తం 31 మంది మావోయిస్టులు చనిపోయారని మే 14న అధికారులు ప్రకటించారు.

కాల్పుల విరమణ అన్నాక ఈ కాల్పులేమిటని అడగడం సహజం. ఇందులో నిజానికి వైరుధ్యం లేదు. ఒక పక్షం ప్రకటించేది తన నిర్ణయం. రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే అది ఒప్పందం. పత్రికల్లో రెండింటికీ ఒకే పేరు వాడుతుండటంతో అసలు సంగతి మరుగున పడుతోంది.

మూడు మాటలు, మూడు దారులు

విరమణ, చర్చలు, లొంగుబాటు. టీవీ చర్చల్లో ఈ మూడూ కలగాపులగం అవుతుంటాయి. కాల్పుల విరమణలో ఎవరి ఆయుధాలు వారి దగ్గరే ఉంటాయి, వాడటం మాత్రమే ఆగుతుంది. చర్చలు విరమణ లేకుండా కూడా జరగొచ్చు. కొలంబియా ప్రభుత్వం, ఫార్క్ తిరుగుబాటుదారులు 2012 నుంచి క్యూబా రాజధాని హవానాలో మాట్లాడుకున్నారు. ఇరుపక్షాల పూర్తి విరమణ 2016 ఆగస్టులో గానీ అమల్లోకి రాలేదు. ఒకవైపు కొట్లాట, ఒకవైపు మాటలు నాలుగేళ్లు సాగాయి.

లొంగుబాటులో బేరం సంస్థతో కాదు, మనిషితో. తెలంగాణలో లొంగిపోయిన వారికి వారి హోదాను బట్టి రివార్డు సొమ్ము ఇస్తారు. కేంద్ర కమిటీ సభ్యులకైతే అది 25 లక్షలు. ములుగు జిల్లా పోలీసులు ‘పోరు కన్నా ఊరు మిన్న’ అనే నినాదంతో కుటుంబాల ద్వారా కబురు పంపించే పద్ధతి మొదలుపెట్టారు. ఇందులో భూమి గురించో, అడవి గురించో సంస్థ పెట్టే డిమాండ్లకు చోటు ఉండదు. ప్రభుత్వాలకు ఈ దారి నచ్చడానికీ, సంస్థలకు మింగుడుపడకపోవడానికీ కారణం అదే.

విరమణకు ఒప్పుకుంటే అవతలి వారికి ‘యుద్ధపక్షం’ హోదా వచ్చేస్తుందన్న భయం ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉంటుంది. 1949 జెనీవా ఒప్పందాల్లోని ఉమ్మడి మూడో అధికరణం అంతర్గత పోరులో కూడా కనీస మానవత్వం పాటించాలని చెబుతూనే, దానివల్ల ఏ పక్షానికీ కొత్త చట్టపరమైన హోదా రాదని స్పష్టంగా రాసింది. అయినా ఆ భయం పోలేదు. దానికి చట్టం కన్నా ఎన్నికల లెక్కలే ఎక్కువ కారణం.

2004: గన్ను సంగతి తేలకుండానే

ఉత్తర తెలంగాణలో ఈ కథకు చాలా వెనక్కి వెళ్లొచ్చు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో నక్సలైట్ల సాయుధ సంస్థ పీపుల్స్‌వార్ ఏర్పడింది. దాన్ని స్థాపించిన కొండపల్లి సీతారామయ్య అంతకుముందు వరంగల్‌లో టీచర్‌గా పనిచేశారు. 1989 డిసెంబర్‌లో వచ్చిన చెన్నారెడ్డి ప్రభుత్వం కొన్ని నెలలు పట్టు సడలించింది. అప్పుడు ఏ ఒప్పందమూ లేదు, కానీ ఆచరణలో విరమణ లాంటిదే నడిచింది. 1990 మేలో వరంగల్‌లో జరిగిన పీపుల్స్‌వార్ అనుబంధ రైతు కూలీ సంఘం మహాసభకు లక్షల్లో జనం వచ్చారు. రెండేళ్లకే, 1992లో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. రాతకోతలు లేని సడలింపు ఎంత తేలిగ్గా వస్తుందో అంత తేలిగ్గా పోతుందని చెప్పడానికి ఇది మొదటి ఉదాహరణ.

2002లో టీడీపీ ప్రభుత్వ కాలంలో వరవరరావు, గద్దర్ పీపుల్స్‌వార్ ప్రతినిధులుగా మంత్రులతో మాట్లాడారు. చర్చలు ఎలా జరపాలన్న దాని మీదే చర్చ జరిగి, జూలై నాటికి అదీ ఆగింది. మరుసటి ఏడాది అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి మీద మందుపాతర దాడి జరిగింది.

2004 మేలో కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక పరిస్థితి మారింది. జూన్ నుంచి ఎన్‌కౌంటర్లు ఆగాయి. జూలైలో గడువు తీరిన నిషేధాన్ని ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబర్‌లో పీపుల్స్‌వార్ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ నాయకత్వంలో ఆ సంస్థ ప్రతినిధులు, మరో నక్సలైట్ సంస్థ జనశక్తి ప్రతినిధులు నల్లమల అడవుల నుంచి బయటికి వచ్చారు. దారి పొడవునా వాళ్లను చూడటానికి జనం ఎగబడ్డారు. పీపుల్స్‌వార్, ఉత్తరాదిలో పనిచేసే మరో నక్సలైట్ సంస్థ ఎంసీసీఐ కలిసి మావోయిస్టు పార్టీగా ఏర్పడిన సంగతి కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. అంటే ప్రభుత్వం ఒక రాష్ట్రంలోని సంస్థను చర్చలకు పిలిస్తే, వచ్చి కూర్చున్నది అనేక రాష్ట్రాల్లో విస్తరించిన పార్టీ. అక్టోబర్ 15 నుంచి 18 వరకు హోంమంత్రి జానారెడ్డి నేతృత్వంలోని బృందంతో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి.

బల్ల మీద పదకొండు అంశాల పట్టిక ఉంది. అందులో భూమి పెద్దది. కానీ నాలుగు రోజుల్లో ఎక్కువ వేడి పుట్టించింది ఒకే ప్రశ్న: విరమణ కాలంలో దళాలు ఊళ్లలోకి ఆయుధాలతో రావొచ్చా? రాకూడదని ప్రభుత్వం వాదన. తుపాకి భుజాన వేసుకుని మీటింగ్ పెడితే అది ప్రచారం కాదు, బెదిరింపు అని పోలీసు అధికారుల మాట. ఆయుధం మా రాజకీయాల్లో భాగం, ఆత్మరక్షణ కోసం ఉంటుంది, దాన్ని వదిలి రావడమంటే సగం లొంగిపోవడమేనని మావోయిస్టుల జవాబు. రెండు వాదనల్లోనూ ఎవరి లెక్క ప్రకారం వారికి తర్కం ఉంది. అందుకే అది మాటలతో తేలేది కాదు. దాన్ని తేల్చే నియమావళి ఏదైనా ఇద్దరూ సంతకం పెట్టి ఉండాలి. ఆ సంతకాలు పడలేదు.

విరమణను డిసెంబర్ మధ్య వరకు పొడిగించి, రెండో విడత తర్వాత చూద్దామని లేచారు. ఆ రెండో విడత రాలేదు. చందాలు వసూలు చేస్తున్నారని, ఆయుధాలతో తిరుగుతున్నారని పోలీసులు, అడవుల్లో కూంబింగ్ (గాలింపు) మళ్లీ మొదలెట్టారని మావోయిస్టులు ఒకరినొకరు ఆరోపించుకున్నారు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు జరిగాయి. అదే నెలలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపారు. రెండు రోజులకే నిషేధం తిరిగొచ్చింది.

ఆ చర్చల నుంచి ఏమీ మిగల్లేదనడం కూడా సరికాదు. భూమి సమస్యల మీద వేసిన కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫారసులు చేసింది. భూమి హక్కుల కోసం పనిచేసేవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి ఆ నివేదికనే చేతబట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు.

తప్పు ఎవరిదో ఎవరు చెప్పాలి

విరమణ కాలంలో చిన్న సంఘటనలు తప్పవు. ఏ కమాండర్‌కో కబురు అందదు, ఏ పోలీసు పార్టీయో దారి తప్పుతుంది. అప్పుడు నిజం తేల్చే మూడో మనిషి లేకపోతే, ప్రతి పక్షమూ తన వాళ్లు చెప్పిందే నమ్ముతుంది. 2004లో లేనిది ఆ మూడో మనిషే. మధ్యవర్తులు ఉన్నారు. కానీ సంఘటన జరిగిన చోటికి వెళ్లి, ఇరుపక్షాలనూ పిలిచి తీర్పు చెప్పే అధికారం వారికి లేదు.

ఇతర చోట్ల దీనికి రకరకాల ఏర్పాట్లు చేశారు. నేపాల్‌లో 2006 నవంబర్ శాంతి ఒప్పందం తర్వాత మావోయిస్టు సైన్యం ఏడు ప్రధాన శిబిరాల్లో ఉంది. ఐక్యరాజ్యసమితి బృందం వారి ఆయుధాలను నమోదు చేసి ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేయించింది. తాళంచెవి మాత్రం మావోయిస్టుల దగ్గరే ఉంది. తాళం తీస్తే సమితి పరిశీలకులకు తెలిసిపోయేలా అలారం, కెమెరాలు పెట్టారు. ప్రభుత్వ సైన్యం కూడా అంతే సంఖ్యలో ఆయుధాలను అలాగే పెట్టింది. హైదరాబాద్‌లో నలిగిన ప్రశ్నకు ఖాట్మండూలో దొరికిన జవాబు ఇది: ఆయుధం పోలేదు, లొంగిపోయామన్న మాటా పడలేదు, భుజం మీద నుంచి మాత్రం దిగింది. అయితే ఒక తేడా మరిచిపోకూడదు. నేపాల్‌లో మావోయిస్టులకూ పార్టీలకూ ఉమ్మడి ప్రత్యర్థిగా రాజు ఉన్నాడు. ఇక్కడ అలాంటి ఉమ్మడి అవసరం ఏదీ లేదు.

ఇండోనేషియాలోని అచేలో 2005 ఒప్పందం ప్రకారం తిరుగుబాటుదారులు 840 ఆయుధాలను నాలుగు విడతల్లో అప్పగించారు. ఒక్కో విడతకు ఎదురుగా ప్రభుత్వం బయటి నుంచి తెచ్చిన బలగాలను వెనక్కి పంపింది. నువ్వు ఒకటి దించు, నేను ఒకటి దించుతాను అన్న లెక్క. శ్రీలంకలో ప్రభుత్వానికీ తమిళ టైగర్లకూ (ఎల్‌టీటీఈ) మధ్య 2002లో కుదిరిన విరమణ ఒప్పందం అమలును చూడటానికి నార్వే నాయకత్వంలో పరిశీలకులు వచ్చారు. వారు ఉల్లంఘనలను వేలల్లో లెక్కపెట్టారు గానీ ఆపే అధికారం వారికి లేదు. 2008 జనవరిలో ఆ ఒప్పందం అధికారికంగా ముగిసింది. కాబట్టి పరిశీలకుడు ఉంటే చాలదు, అతని మాటకు విలువ ఇచ్చే కట్టుబాటు కూడా కావాలి.

ఈ విషయంలో ఉత్తర తెలంగాణకు సొంత చిక్కు ఒకటుంది. ఇక్కడ ప్రాణాలు పోయేది రెండు సాయుధ పక్షాల ఎదురుకాల్పుల్లోనే కాదు. 2024 నవంబర్‌లో వాజేడు మండలం పెనుగోలు కాలనీలో ఇద్దరిని ఇన్‌ఫార్మర్లనే నెపంతో మావోయిస్టులు చంపారు. పది రోజులు తిరిగేసరికి, డిసెంబర్ 1న ఏటూరునాగారం దగ్గర చల్పాక అడవిలో ఎన్‌కౌంటర్‌లో ఏడుగురు మావోయిస్టులు చనిపోయారు. ఇన్‌ఫార్మర్ పేరుతో చంపడం, సమాచారం కోసం గూడెం వాళ్లను పోలీసులు పిలిపించడం, ఇవి కాల్పుల విరమణ నిర్వచనంలోకి వస్తాయా? నియమావళిలో రాయకపోతే రావు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగే ఆదివాసీకి మాత్రం విరమణ అంటే ముందు ఇవే ఆగాలి.

మందుపాతరలది మరో సమస్య. 2025 ఏప్రిల్‌లో మావోయిస్టుల స్థానిక కమిటీ పేరుతో వచ్చిన లేఖ, కర్రెగుట్టల చుట్టూ బాంబులు పెట్టామని, ఎవరూ అటు రావద్దని ఊళ్లను హెచ్చరించింది. ఒకసారి మట్టిలో పాతిపెట్టాక దానికి ప్రకటనలు తెలియవు. దాన్ని తీయాలంటే పెట్టినవాడు చోటు చూపించాలి. అంటే విరమణలో మందుపాతరల మ్యాపులు ఇవ్వడం ఒక షరతుగా ఉండాలి. ఇక్కడి చర్చల్లో ఈ షరతుకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

గుట్టకు ఇటువైపు, అటువైపు

కర్రెగుట్టలు ములుగు జిల్లా వెంకటాపురం నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా వరకు పరుచుకున్నాయి. తెలంగాణ కమిటీ ప్రకటించిన విరమణ ఇటువైపు వాలుకు వర్తిస్తుందనుకుందాం. అటువైపు వాలులో కేంద్ర బలగాలు, ఛత్తీస్‌గఢ్ పోలీసులు కూంబింగ్ చేస్తుంటారు. దళం ఏ వాలు మీద ఉంటే ఆ రూలా? ఇది వినడానికి వింతగా ఉంటుంది, కానీ ప్రపంచంలో చాలా విరమణలు తెగింది ఇలాంటి గీతల దగ్గరే. 1997 ఆగస్టు నుంచి కేంద్రానికీ నాగా సాయుధ సంస్థ ఎన్‌ఎస్‌సీఎన్(ఐఎం)కూ మధ్య విరమణ ఉంది. 2001 జూన్‌లో దానికి ప్రాంతీయ హద్దులు లేవని ప్రకటించగానే, తమ నేల నాగాల చేతికి పోతుందన్న భయంతో మణిపూర్ రాజధాని ఇంఫాల్ మండిపోయింది. మణిపూర్ అసెంబ్లీ భవనానికి నిప్పు పెట్టారు, 18 మంది నిరసనకారులు చనిపోయారు. కేంద్రం ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

రాజ్యాంగం ప్రకారం శాంతిభద్రతలు, పోలీసు వ్యవస్థ రాష్ట్రాల పరిధిలోవి. 2004లో ఇది పనికొచ్చింది. గ్రేహౌండ్స్ రాష్ట్రానిదే, నిషేధం రాష్ట్ర చట్టం కిందిదే, కేంద్రంలోనూ కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వమే. ముఖ్యమంత్రి ఆగమంటే కూంబింగ్ ఆగింది. 2009లో కేంద్రం చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద మావోయిస్టు పార్టీని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత పోరు ప్రధాన స్థలం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు మారింది. అక్కడ సీఆర్‌పీఎఫ్, దాని ప్రత్యేక విభాగం కోబ్రా దళాలు కేంద్రం చేతిలో, స్థానికులతో ఏర్పడిన పోలీసు దళం డీఆర్‌జీ ఛత్తీస్‌గఢ్ చేతిలో ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఎవరు ఏ మాట ఇచ్చినా అది గుట్ట దాటదు.

2025 ఏప్రిల్ చివర్లో, ప్రభుత్వం మావోయిస్టులతో మాట్లాడాలని కోరుతూ ఏర్పడిన శాంతి చర్చల కమిటీ ప్రతినిధులు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలవడం, ఆయన 2004 అనుభవం ఉన్న జానారెడ్డితో మాట్లాడటం జరిగాయి. ఏప్రిల్ 27న ఎల్కతుర్తి సభలో కేసీఆర్ కూడా మావోయిస్టుల మీద మొదలుపెట్టిన ఆపరేషన్ కగార్ ఆపి చర్చలకు పిలవాలని కేంద్రాన్ని కోరారు. అధికార, ప్రతిపక్షాల స్వరం కలిసింది. నిర్ణయం తీసుకునే చేయి మాత్రం వీరిద్దరిదీ కాదు. జూన్ 29న నిజామాబాద్‌కు వచ్చిన కేంద్ర హోంమంత్రి అమిత్ షా, ఆయుధాలు వదలనివారితో మాటలు లేవని అక్కడే చెప్పారు. సెప్టెంబర్‌లో కాల్పుల విరమణ అవసరం లేదని, లొంగిపోతే ఎవరూ కాల్చరని మరింత సూటిగా అన్నారు.

మధ్యవర్తి దారిలో ప్రమాదం

2004 చర్చల వెనుక ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. శంకరన్ రిటైర్డ్ ఐఏఎస్ అధికారి. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడులో పీపుల్స్‌వార్ అపహరించిన అధికారుల్లో ఆయన కూడా ఒకరు. అపహరణకు గురైన మనిషే పదేళ్లకు మధ్యవర్తి కావడం వల్ల, ఆయన ఒకవైపు మనిషని ఎవరూ అనలేకపోయారు. ఆ స్థాయి నమ్మకం ఉన్నవాళ్లు ఇప్పుడు అరుదు. ప్రొఫెసర్ హరగోపాల్, జస్టిస్ చంద్రకుమార్ లాంటివారు ముందుకు వచ్చినా, వారిని పిలిచి మాట్లాడమని అడిగిన ప్రభుత్వం కేంద్రంలో లేదు.

రహస్య రాయబారాల సంగతి ఇంకా కష్టం. 2010లో కేంద్రం 72 గంటలు హింస ఆపితే చర్చలకు సిద్ధమంది. స్వామి అగ్నివేశ్ ద్వారా ఉత్తరాలు నడిచాయి. మావోయిస్టుల వైపు నుంచి రాస్తున్నది వరంగల్ ఆర్‌ఈసీలో (ఇప్పటి ఎన్‌ఐటీ) చదివిన పార్టీ అధికార ప్రతినిధి ఆజాద్. జూలై మొదట్లో ఆయన, ఒక జర్నలిస్టు ఆదిలాబాద్ జిల్లా వాంకిడి అడవుల్లో చనిపోయారు. అది నిజమైన ఎన్‌కౌంటరేనని తర్వాత సీబీఐ తేల్చింది. హక్కుల సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ఉత్తరాల దారి మాత్రం అక్కడితో మూతపడింది. నాగా చర్చల్లో చేసినట్టు, మాట్లాడటానికి వచ్చేవారికి ముందే రాతపూర్వక రక్షణ ఇచ్చే పద్ధతి ఇక్కడ అలవాటు కాకపోవడం పెద్ద లోటు.

బలం తగ్గాక బేరం

2025 ప్రకటనలు నిలవకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇరుపక్షాలూ ఇక గెలవలేమని, ఓడితే నష్టం భరించలేమని అనుకున్నప్పుడే విరమణ మాటకు బరువు వస్తుంది. 2004లో పీపుల్స్‌వార్ దెబ్బతిన్నా రాష్ట్రమంతటా ఉంది. 2025లో కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుని, గెలుపు చేతికందే దూరంలో ఉందని నమ్మింది. మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణ్‌పూర్ జిల్లాలో మరో 26 మందితో పాటు చనిపోయారు. గెలుస్తున్నామనుకునే పక్షానికి ఆగడం వల్ల వచ్చేదేమిటి? అవతలివారు మళ్లీ కూడగట్టుకోవడానికే విరమణ అడుగుతున్నారని అధికారులు అనడం వెనుక లెక్క ఇదే. ఊపిరి తీసుకునే సమయం కోసం విరమణలు వాడుకున్న చరిత్ర అన్ని దేశాల్లోనూ ఉంది కాబట్టి ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. అలాగని ఆయుధాలు వదిలితేనే చర్చలంటే, చర్చించడానికి మిగిలేది పునరావాసమే.

బలహీనపడ్డ సంస్థలో విరమణ ప్రతిపాదనే చీలికకు దారి తీస్తుంది. సాయుధ పోరును తాత్కాలికంగా ఆపుతామని సెప్టెంబర్‌లో అభయ్ పేరుతో వచ్చిన ప్రకటనను తెలంగాణ కమిటీ అది ఆయన సొంత అభిప్రాయమని తోసిపుచ్చింది. పార్టీ అగ్రనేతల్లో ఒకరైన, పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ ఆ పేరుతో రాసేవారు. అక్టోబర్‌లో ఆయన గడ్చిరోలిలో 60 మందితో, ములుగు జిల్లాకు చెందిన తక్కళ్లపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా అనుచరులతో ఆయుధాలు అప్పగించారు. అదే నెలాఖరులో మావోయిస్టు నేతలు పుల్లూరి ప్రసాదరావు, బండి ప్రకాష్ హైదరాబాద్‌లో లొంగిపోయారు. నవంబర్ మొదట్లో తెలంగాణ కమిటీ తన విరమణను ఇంకో ఆరు నెలలు పొడిగించింది. నవంబర్ 18న పార్టీ సాయుధ దళాల కమాండర్ హిడ్మా మారేడుమిల్లి అడవుల్లో చనిపోయాడు. అది ఆంధ్రప్రదేశ్ పరిధి. విరమణ ప్రకటించింది తెలంగాణ కమిటీ.

ఇక సంతకాల ఒప్పందం లేకుండానే ముగింపు వస్తే కొన్ని పనులు ఎవరి బాధ్యతో తెలియకుండా పోతాయి. వాజేడు, వెంకటాపురం అడవుల్లో పాతిన బాంబుల జాడ చెప్పాల్సిన వాళ్లు చనిపోయి ఉండొచ్చు, లొంగిపోయి వేరే ఊళ్లో ఉండొచ్చు. 2024 జూన్‌లో కొంగాల అడవికి కట్టెల కోసం వెళ్లిన ఒక ఊరి మనిషి మందుపాతర పేలి చనిపోయాడు. అన్నం పెట్టారనో, దారి చూపారనో పెట్టిన పాత కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగే గూడెం జనం సంగతి లొంగుబాటు ప్యాకేజీలో లేదు. ఒప్పందం ఉన్నచోట ఇవి అనుబంధంగా చేరతాయి. లేనిచోట జిల్లా కలెక్టరూ ఎస్పీయే ఒక్కో కేసూ, ఒక్కో గుట్టా విడివిడిగా తేల్చుకోవాలి. వాజేడు, వెంకటాపురం జనం తునికాకు సీజన్‌లోనూ, ఇప్పపూల కాలంలోనూ ఆ గుట్టల మీదకే వెళ్లాలి.